అమ్మ కట్టిన డజన్లు

అమ్మ పోయిన తొమ్మిదో నాడు బాపు నన్ను ఒక లెక్క అడిగాడు. ఆ తొమ్మిది రోజుల్లో ఆయన నాతో అన్న మొదటి పూర్తి మాట అదే. అంతకుముందంతా "ఊ", "వద్దు", "పెట్టు"లతోనే నడిచింది. నాకూ అదే హాయిగా ఉండింది. మాట్లాడాలంటే లోపల ఏదో ఒకటి అనిపించాలి కదా, నాకు ఏమీ అనిపించడం లేదు. చెయ్యి మీద తలపెట్టి పడుకుని లేస్తే ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు ఉంటుంది చూడండి, నేను మనిషి మనిషంతా అట్లా ఉన్నాను.

మాది మాదన్నపేటలో గాజుల దుకాణం. దుకాణం అంటే పెద్దగా ఊహించుకోకండి. కూరగాయల మార్కెట్ వెనక గల్లీలో మా ఇంటి ముందు గది, దానికో షట్టరు. బాపు స్కూటర్ మీద చార్మినార్ దగ్గరి లాడ్ బజార్ పోయి సరుకు తెచ్చేవాడు. కూర్చుని అమ్మేది, ఆడవాళ్ళ చేతులు పట్టుకుని తొడిగేది అమ్మ. చెయ్యి ముట్టుకుంటే చాలు సైజు చెప్పేసేది. తీరిక దొరికినప్పుడల్లా గాజులను డజన్లుగా దారంతో కట్టి, కాగితంలో చుట్టి, పైన ముడేసి, "1 డ." అని రాసి అలమారాలో పెట్టేది. చుట్టే కాగితాలు నావే. నేను దగ్గర్లోని ఒక ప్రైవేటు బడిలో ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెబుతాను. ఏడాది చివర్న పాత జవాబు పత్రాలు తెచ్చిపడేస్తే, నా ఎర్ర కలం గీతలతో సహా అమ్మ వాటిని వాడేసేది.

రెండేళ్ళ కింద నా భర్త పోయాడు. గుండెపోటు. పిల్లలు లేరు. అప్పటినుంచి ఈ ఇంట్లోనే ఉంటున్నాను.

మా ఇండ్లల్లో ఒక పద్ధతి ఉంది. గాజులమ్మే ఇంటి ఆడమనిషి పసుపుకుంకుమలతో పోతే, ఆమె తన చేత్తో కట్టిపెట్టిన గాజులు అమ్మకూడదు. పన్నెండో నాడు ముత్తైదువులను పిలిచి, బొట్టు పెట్టి, వాళ్ళకు ఇచ్చేయాలి. ఎంత ఎక్కువ మందికి అందితే అంత పుణ్యం. అయితే అందరికీ ఒక్క తీరుగా అందాలి, ఏ రంగుకా రంగు సమానంగా. ఇంట్లో ఒక్కటి కూడా మిగలకూడదు. ఆమె వేసిన ముడిని ఆ రోజే, వాళ్ళ కళ్ళ ముందే విప్పాలి. ఈ సమానం దగ్గర మా వాళ్ళు చాలా గట్టి. మా నాయనమ్మ పోయినప్పుడు ఎవరో ఒకామెకు పక్కనామె కన్నా రెండు గాజులు ఎక్కువ పడ్డాయని పెద్ద లొల్లి అయింది. ఆ ఇద్దరాడవాళ్ళు ఒకే గల్లీలో ఉంటూ ఏళ్ళ తరబడి ఒకరి గడప ఒకరు తొక్కలేదు. నేనప్పుడు నాలుగో తరగతి. నాయనమ్మ మొహం సరిగ్గా గుర్తు లేదు గానీ ఆ లొల్లి మాత్రం పూర్తిగా గుర్తుంది.

అందుకే బాపు అలమారా ముందు కూర్చుని, కాగితం పొట్లాలు మూడు కుప్పలుగా పేర్చి, నన్ను పిలిచాడు. ఆకుపచ్చవి ఏడు డజన్లు, బంగారు మెరుపువి ఐదు, ఎర్రవి మూడు. అన్నీ ఒకటే సైజు, మా బస్తీలో ఎక్కువ చేతులకు పట్టే టూ సిక్స్.

"ఒక్కటి మిగలొద్దు బిడ్డా. అందరికి ఒక్కతీరు రావాలె. ఎంతమందిని పిలవాల్నో జెప్పు," అన్నాడు.

మా బాపు ఐదో తరగతితో ఆపేశాడు. తనకు తెలియకుండానే ఆరో తరగతి పుస్తకంలోని గ.సా.భా. అడిగాడు. గరిష్ఠ సామాన్య భాజకం. ఇచ్చిన సంఖ్యలన్నింటినీ శేషం లేకుండా భాగించే వాటిలో అన్నింటికన్నా పెద్దది. ఈ ఒక్క ముక్క పిల్లల బుర్రకెక్కించడానికి నేను ఏటా గొంతు చించుకుంటాను. సంచులు, పెన్సిళ్ళు, మామిడిపండ్లు, పాల క్యాన్లు, అన్నీ ఉదాహరణలు చెబుతాను. గాజులు ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకో మరి తోచలేదు.

గ్యాస్ బిల్లు వెనక రాసి చేశాను. ఏడు డజన్లు ఎనభై నాలుగు. ఐదు డజన్లు అరవై. మూడు డజన్లు ముప్పై ఆరు. పిల్లలకైతే కారణాంకాలన్నీ రాయమంటాను, నేను మాత్రం భాగహారమే చేస్తాను, తొందరగా తేలుతుంది. పెద్దదాన్ని చిన్నదానితో భాగించు. ఎనభై నాలుగులో అరవై పోతే ఇరవై నాలుగు మిగిలింది. ఇప్పుడు అరవైని ఆ ఇరవై నాలుగుతో భాగించు. రెండుసార్లు పోయి పన్నెండు మిగిలింది. ఇరవై నాలుగును పన్నెండుతో భాగిస్తే శేషం సున్నా. సున్నా వచ్చినప్పుడు చేతిలో ఉన్న భాజకమే జవాబు. ఆ పన్నెండు మూడో సంఖ్యను కూడా భాగించాలి కదా, ముప్పై ఆరులో మూడుసార్లు పోయింది, మళ్ళీ సున్నా. పన్నెండు.

పన్నెండుమంది ముత్తైదువులు. ఒక్కొక్కరికి ఏడు పచ్చవి, ఐదు మెరుపువి, మూడు ఎర్రవి. బాపు విని తల ఊపాడు. చక్కగా వచ్చిందనుకున్నాను. ఏ లెక్కైనా అట్లా శుభ్రంగా తేలితే నాకు లోపల చిన్న సంతోషం కలుగుతుంది. ఆ రోజు అది కూడా కలగలేదు.

నిజం చెప్పాలంటే ఆ పొట్లాలు నాకు కావాలి. అన్నీ కాదు, ఒక్క వరుస. అమ్మ చేత్తో ఏరి కట్టినవి కొన్ని నా చేతికి ఉండాలనిపించింది. ఆ తొమ్మిది రోజుల్లో నాకు అనిపించిందేదైనా ఉందంటే అది ఇదొక్కటే. నా భర్త పోయినప్పుడు నా గాజులు పగలగొట్టడానికి వచ్చిన ఆడవాళ్ళను అమ్మ నా దగ్గరికి రానివ్వలేదు. గాజులమ్మే దాన్ని, నా ఇంట్ల గాజు పగలదు అని, సబ్బు నురగ పెట్టి ఒక్కొక్కటే తనే తీసింది. ఆ తర్వాత ఈ రెండేళ్ళలో ఎప్పుడైనా ఏ అన్నం గిన్నెనో అందిస్తూ నా చెయ్యి తగిలితే, అలవాటు కొద్దీ మణికట్టు చుట్టూ వేళ్ళు తిప్పి చూసేది. చూసి వదిలేసేది. తొడగలేదు. తొడగమని నేనూ అడగలేదు. ఇద్దరం ఒకరికొకరం భయపడ్డామనుకుంటాను.

ఇక జాబితా. అది మా మేనత్త చేతిలోకి పోయింది. బాపు వాళ్ళ అక్క ఆమె. అరవై ఎనిమిదేళ్ళు. ఆమె భర్త ఎప్పుడో పోయాడు. తెల్లచీర కట్టదు గానీ రంగు వెలిసినట్టుండే చీరలే కడుతుంది, చేతులు మోచేతుల దాకా బోసి. మా ఇండ్లల్లో చావైనా పెండ్లైనా ఏది ఎట్లా జరగాలో చెప్పేది ఆమే. అమ్మ పోయిన రోజు పొద్దున్నే సంచితో దిగింది. దిగినప్పటినుంచి నేను ఏం చేసినా తప్పే. దీపం వత్తి తప్పు, బియ్యం కడిగిన తీరు తప్పు, కూర్చున్న దిక్కు తప్పు. నాకు ఒళ్ళు మండిపోయేది. మండినా నోరు లేచేది కాదు. అదే మామూలు రోజులైతే చూసుకునేదాన్ని.

నేను బడి అలవాటుతో వరస సంఖ్యలేసి పద్దెనిమిది పేర్లు రాశాను. అత్త పక్కన కూర్చుని కొట్టేయించింది. ఫలానామె భర్తతో ఉండడం లేదు, వద్దు. ఫలానామె కడుపుతో ఉంది, మైల ఇంటికి రాకూడదు. ఇంకొకామె మొగుడు దుబాయిలో ఉన్నాడు, ఉన్నాడో లేడో ఎవరికెరుక, వద్దు. దుబాయిలో ఉన్నాయన పొద్దున్నే వాట్సాప్‌లో పూల బొమ్మలు పంపుతాడని ఆమె బస్తీ అంతటికీ చూపిస్తుందని చెప్పాను. అత్త వినలేదు. అట్లా కొట్టగా కొట్టగా సరిగ్గా పన్నెండు మిగిలాయి. నన్ను ఎవరూ కొట్టేయలేదు. నన్ను నేను రాయనే లేదు.

పన్నెండో నాడు పదకొండు గంటలకల్లా వాళ్ళు వచ్చారు. ముందు గదిలో, షట్టరు సగం దించి, రెండు వరుసల్లో చాపల మీద కూర్చున్నారు. పెరుగు అమ్మే ఆమె, కుట్టుమిషన్ ఆమె, మార్కెట్లో ఆకుకూరల ఆమె, మా వెనకింటి కోడలు, అందరూ అమ్మ చేత గాజులు తొడిగించుకున్నవాళ్ళే. పంచే పని పెరుగు ఆమెది, అందరిలో పెద్ద ముత్తైదువ కాబట్టి. ముడులు విప్పడం, ఎంచి ఇవ్వడం అన్నీ ఆమె చేతులే. నేనూ అత్తా వంటింటి గుమ్మం ఇవతలే ఉండాలి. అత్త పీట మీద, నేను నిలబడి. బాపు గుండు మీద కండువా కప్పుకుని ఒక మూల గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

పొట్లాలు విప్పుతుంటే నా ఎర్ర కలం మార్కులు కనబడ్డాయి. ఎవరికో పదికి నాలుగు వేశాను. గాజులు మూడు చాటల్లో కుప్ప పోశారు. ఆ చప్పుడు గదంతా నిండింది. ఒకరిద్దరు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. నేను గుమ్మంలోంచి చెబుతూ ఉన్నాను. ఏడు పచ్చవి, ఐదు మెరుపువి, మూడు ఎర్రవి. ఏడు, ఐదు, మూడు. హాజరు పిలిచినట్టే పిలిచాను. పెరుగు ఆమె ఎంచి ఒక్కొక్కరి ఒడిలో పోసింది. పసుపు, కుంకుమ, రవిక ముక్క పక్కన పెట్టింది. పదకొండుమందికి ఇచ్చాక తన ఒడిలో తనే పోసుకుంది. పన్నెండు.

చాటల్లో ఇంకా గాజులు ఉన్నాయి.

గదిలో అందరూ నా వైపు తిరిగారు. నేను చాటల వైపు చూశాను. శేషం సున్నా రావాలి. గ్యాస్ బిల్లు మీద వచ్చింది కదా. అత్త నవ్వలేదు, గట్టిగా అననూ లేదు, పక్కనున్న నాకు వినబడేంతే అంది, "లెక్కల టీచరంట."

ఎవరికో తక్కువ పడ్డాయేమోనని అందరూ తమ ఒళ్ళో చూసుకున్నారు. అందరికీ సరిగ్గానే ఉన్నాయి. పెరుగు ఆమె చాటల్లో మిగిలినవి ఎంచింది. పచ్చవి ఏడు. మెరుపువి ఐదు. ఎర్రవి మూడు. సరిగ్గా ఇంకొకరి వంతు.

అప్పుడు ఆకుకూరల ఆమె నెమ్మదిగా చెప్పింది. "మీ అమ్మకాడ డజనంటే పదమూడు గద బిడ్డా. కొసరు గాజు అండ్లనే కట్టేది. మార్కెట్ల ఎవరినడిగినా జెప్తరు. నీకెర్క లేదా?"

నాకు తెలియదు. అమ్మ కొసరు గాజు ఇస్తుందని తెలుసు. తొడిగేటప్పుడు ఒకటి చిట్లితే మనసు కష్టపెట్టుకోకుండా, ఎవరికైనా పైన ఒకటి వేసేది. అది పక్క బుట్టలోంచి తీస్తుందనుకున్నాను. కట్టేటప్పుడే పదమూడు కట్టి పైన "1 డ." అని రాస్తుందని నాకెప్పుడూ చెప్పలేదు. మార్కెట్ మొత్తానికి తెలిసింది, ఇంట్లో పుట్టి పెరిగి లెక్కలు చెప్పే నాకు తెలియలేదు. ఎంచకుండా చీటీ నమ్మి గుణించేశాను. పిల్లలు ఇదే పని చేస్తే గోడకు నిలబెడతాను.

నిలబడ్డ చోటే మనసులో మళ్ళీ చేశాను. ఏడు పదమూళ్ళు తొంభై ఒకటి. ఐదు పదమూళ్ళు అరవై ఐదు. మూడు పదమూళ్ళు ముప్పై తొమ్మిది. తొంభై ఒకటిలో అరవై ఐదు పోతే ఇరవై ఆరు. అరవై ఐదులో ఇరవై ఆరు రెండుసార్లు పోతే పదమూడు. ఇరవై ఆరులో పదమూడు రెండుసార్లు, శేషం సున్నా. ముప్పై తొమ్మిదిలో మూడుసార్లు, సున్నా. పదమూడు. ఒక్కొక్కరి వంతు మారనే లేదు, అదే ఏడు, అదే ఐదు, అదే మూడు. పిలవాల్సిన మనిషే ఒకరు పెరిగారు.

ఉన్న పన్నెండుమందికే సర్దమంది అత్త. సర్దితే ఏడుగురికి ఒక పచ్చది ఎక్కువ, ఐదుగురికి లేదు. కుట్టుమిషన్ ఆమె వెంటనే వద్దంది, ఆమె అత్తగారే నాయనమ్మ నాటి లొల్లిలో ఉన్న మనిషి. మిగిలినవాటిని ఇద్దరికో ముగ్గురికో పంచుదామన్నా కుదరదు. ఏడుకూ ఐదుకూ మూడుకూ కలిపి గ.సా.భా. ఒకటి. ఒక్క మనిషికే పోవాలి. ఇది నేను పైకే చెప్పాను. నా గొంతు నాకే క్లాసులో ఉన్నట్టు వినబడింది.

అయితే ఇంకొకరిని పిలవండి అంది అత్త. వెనకింటి కోడలు ఫోన్లు చేసింది. పని రోజు మధ్యాహ్నం పన్నెండున్నర. ఒకామె ఆఫీసులో ఊడ్చే పనికి పోయింది, ఇంకొకామె పిల్లవాణ్ణి తీసుకుని ఆస్పత్రిలో ఉంది, ఇంకొకామె ఎత్తలేదు. మొదట కొట్టేసిన దుబాయామెను పిలుద్దామా అని పెరుగు ఆమె అడిగితే అత్త వద్దని చెయ్యి ఊపింది. వచ్చినవాళ్ళు కాసేపు చూసి, తిని, ఒడి కట్టుకుని, పోయొస్తామని చెప్పకుండా ఒకరి వెనక ఒకరు లేచిపోయారు. చావు ఇంట్లో పోయొస్తామనకూడదు కదా. పోతూ పెరుగు ఆమె ఆ పదిహేను గాజులను ఒక పళ్ళెంలో పెట్టి గుమ్మం మధ్యన దించింది. బాపు లేచి షట్టరు పూర్తిగా దించేశాడు.

ఇంట్లో ముగ్గురం మిగిలాం.

"సాయంత్రం లోపల ఎవరినన్న పట్టుకొచ్చి ఇయ్యాలె. ఇంట్ల ఉంచొద్దు," అంది అత్త.

"నాకు కావాలె," అన్నాను.

అంటానని నేను కూడా అనుకోలేదు. అత్త నా మొహం చూసింది, తర్వాత నా చేతులు చూసింది. వాటిమీద వాచీ తప్ప ఏమీ లేదు. అట్లెట్లయితది, ముత్తైదువలకని పెట్టిన గాజులు, రేపు నలుగురు నాలుగు మాటలంటే ఎవరు పడతారు, అని మొదలుపెట్టింది. గట్టిగా కూడా అనలేదు, అలవాటైన పాఠం అప్పజెప్పినట్టు అంది. నేను ఏమీ వాదించలేదు. నాకు కావాలి అని ఇంకోసారి అన్నాను. నిజానికి ఆ క్షణం వాటికోసం అత్తతోనే కాదు, ఎవరితోనైనా కొట్లాడేదాన్ని. ఒంట్లో అంత కోపం ఉందని తెలిసి నాకే ఆశ్చర్యమైంది.

బాపు పళ్ళెం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. గాజులు ముట్టుకోలేదు.

"డజన్లు డజన్లెక్కన పంచినం అక్కా. గవి ముత్తైదువులయి, వాళ్ళకు ముట్టినయి. ఇది కొసరు. కొసరు లెక్కల రాదు. దుకాణంల కూసున్నామె ఇష్టం అది, ఎవరికి బుద్ధయితే వాళ్ళకిస్తది." నా వైపు తిరిగి, "దాని బిడ్డకిస్తది గద," అన్నాడు.

అమ్మ ఇంకా ఉన్నట్టే మాట్లాడాడు ఆయన. తర్వాత లేచి పళ్ళెం తెచ్చి నా చేతుల్లో పెట్టి, చెప్పులేసుకుని పెరటి తలుపులోంచి గల్లీలోకి పోయాడు. ఆయన పోయిన తలుపు తెరిచే ఉంది. అవతల ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయడానికి తంటాలు పడుతున్నారు.

నేను పళ్ళెంతో వంటింట్లో నేలమీద కూర్చున్నాను. గెలిచినట్టు ఏమీ అనిపించలేదు. పచ్చది ఒకటి తీసి చేతికి ఎక్కించాను. ఎక్కింది. ఇంకొకటి ఎక్కించాను. అమ్మ అయితే ఈపాటికి చెయ్యి ఎంత చిక్కిందో చెప్పి తిట్టేది. అత్త పీట మీదినుంచి చూస్తోంది. ఇప్పుడేం అంటుందోనని నేను కాచుకుని ఉన్నాను. అంటే ఈసారి ఊరుకునేది లేదనుకున్నాను.

"మా అమ్మవి గూడ గిట్లనే పంచిండ్రు," అంది అత్త.

నేను తలెత్తాను.

"మీ మామ పోయి అప్పటికి ఐదేండ్లు. అందరికి పూరీలు నేనే చేసిన. గీ పొయ్యికాడనే నిలబడ్డ. ఎవరన్న ఒక్క గాజు ఇటు పెడ్తరేమో అని చూసిన. రెండు ఎక్కువచ్చినయని లొల్లి చేసుకున్నరు గని, గా రెండు ఎవ్వలు నాకియ్యలే."

నాయనమ్మ పన్నెండో నాడు నాకు మొత్తం గుర్తుందని అనుకునేదాన్ని. ఎవరు ఎవరిని ఏమన్నారో, ఎవరి ఒడి దులిపి చూపించారో, అన్నీ. ఆ పూట అత్త ఎక్కడుందో మాత్రం గుర్తు లేదు. పూరీలు తిన్నది గుర్తుంది. ఎవరు చేశారని నాకు ఇప్పటిదాకా ఒక్కసారి కూడా తోచలేదు.

ఇన్ని రోజులు ఆమెమీద పెంచుకున్న కోపం అట్లాగే ఉంది, ఎక్కడికీ పోలేదు. కానీ దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. ఆమెకు క్షమాపణ చెప్పాలా, ఆమే నాకు చెప్పాలా, అదీ తెలియలేదు. పళ్ళెం జరుపుకుంటూ పీట దగ్గరికి పోయి, చెయ్యి ఇయ్యి అత్తా అన్నాను. పిచ్చి లేచిందా ఏంది అంది. చెయ్యి మాత్రం లాక్కోలేదు. ఎముకలు తేలిన చెయ్యి. వేళ్ళు దగ్గరికి మడిచి పట్టుకున్నాను. టూ సిక్స్ గాజు ఎక్కడా ఆగకుండా జారి మణికట్టు మీద పడింది.

అత్త ఆ చెయ్యిని తనకు దూరంగా పెట్టి చూసుకుంది. తీసేయమంటుందనుకున్నాను. గల్లీలో స్కూటర్ స్టార్టయి వెళ్ళిపోయింది.

"తలుపు తెరిచున్నది. పోయి గడియ పెట్టు," అంది.

లేచి పోయి పెరటి తలుపు మూసి గడియ పెట్టాను. తిరిగి చూసేసరికి అత్త పీట మీద సర్దుకుని కూర్చుని, రెండో చెయ్యి కూడా చాపి ఉంది.